గోడకి సరిపడా అడవి

జూన్ 4

పెద్దమ్మా,

నేను టీవీలు బిగించే షాపులో చేరానని నువ్వు కనపడ్డ వాళ్ళందరికీ చెబుతున్నావట. అమ్మ ఫోన్లో చెప్పి పడీ పడీ నవ్వింది. నాన్న ఇంకో మెట్టెక్కి, "నిచ్చెన మీద జాగ్రత్తమ్మా, కరెంటుతో పని" అన్నాడు.

కాలేజీలో చేరినప్పుడు, గోడలకి రంగులు ఎంచడానికి కూడా డిగ్రీ కావాలా అన్నారు. ఉద్యోగం వెతుక్కుని ఈ ఊరొస్తే, ఇంట్లో కాలు నిలవని పిల్ల అన్నారు. ఇప్పుడు టీవీల మెకానిక్కుని. నేను నోరు తెరవక ముందే మీ అందరికీ నా సంగతి అర్థమైపోయి ఉంటుంది. వాళ్ళని వదిలెయ్. నాటకాల తెరలు గీసి బతికినదానివి, నువ్వు కూడా అలా అంటే నేనెవరితో చెప్పుకోను?

నీ చెవులు సరిగ్గా ఉంటే ఫోన్లోనే దెబ్బలాడేదాన్ని. నేను గొంతు చించుకుని అరవడం, నువ్వు ఏమడిగినా "ఆఁ, తిన్నాను" అనడం. అందుకే ఈ ఉత్తరం.

మేం చేసేది ఇదీ. ఒక ఆఫీసో ఆసుపత్రో కడుతున్నప్పుడు, గోడలు లేస్తుండగానే మమ్మల్ని పిలుస్తారు. ఏ గోడ మీద బొమ్మ ఉండాలో, అది ఎంత వెలగాలో, దాని ముందు కుర్చీలు ఎటు తిరిగి ఉండాలో మేం చెబుతాం. ఆ బొమ్మ రంగుతో వేసింది కాదు, వెలుగుతో వేసింది. సన్నటి దీపాలున్న పలకలు పక్కపక్కన అతికించి, మీద మెరవని అద్దం పెట్టి, చుట్టూ చెక్క చట్రం కడతాం. గదిలో వెలుతురు ఎంతుందో పసిగట్టే కన్ను ఒకటి దాని అంచున ఉంటుంది. బయట మబ్బు పడితే బొమ్మా మబ్బు పడుతుంది. అద్దంలో కిటికీ కనపడకూడదు, ఆపినప్పుడు గోడలో నల్ల గొయ్యిలా ఉండకూడదు. మా తంటాలన్నీ అది టీవీలా కనపడకుండా ఉండటానికే! నువ్వు సరిగ్గా ఆ మాటే అన్నావు.

ఇక అసలు సంగతి. ఒక కంటి ఆసుపత్రి పని వచ్చింది. జనం పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునే హాలు. డాక్టరు గారు "ప్రశాంతంగా ఏదైనా పెట్టండి" అన్నారు. ఆఫీసులో అందరూ తలో జలపాతం చూపించారు. నేను నీ అడవి తెర గురించి చెప్పాను. పొద్దున ఆ చెట్ల మీద ఎండ పసుపుగా పడుతుంది, మధ్యాహ్నానికి నీడలు కాళ్ళ కిందికి వస్తాయి, సాయంత్రానికి లోపలి చెట్లు ఒక్కొక్కటే కనపడకుండా పోతాయి, ఎవరికీ తెలియనంత నెమ్మదిగా. మా పెద్దాయన ఒప్పుకున్నాడు. ఆయన్ని మేం "చూద్దాం గారు" అంటాం. ఏమడిగినా "చూద్దాం" అంటాడు. ఆయన "సరే" అనడం నేను వినడం ఇదే మొదలు.

మా తెర పన్నెండడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. నీ తెర ఎత్తు దానికి రెట్టింపు కదా. పైన ఆకాశం, కింద నేల కోసేయాలి. ఎక్కడ కోస్తే చెట్లకి ఊపిరాడుతుందో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అది నువ్వే చెప్పాలి. ఈ నెల నాలుగో వారంలో తెర తీసుకోవడానికి మా మనిషి వస్తాడు.

నీకిష్టం లేకపోతే లేదని చెప్పు. కానీ లేదనకు.

ఇంకా కోపంగానే ఉన్న,
పిడుగు


జూన్ 11

పిడుగుకి,

కవరు చింపగానే చెంపదెబ్బ. ఎలా ఉన్నావని అడగవేం? బాగానే ఉన్నాను, నువ్వు అడక్కపోయినా.

మీ అమ్మ ఏమందంటే, "గోడకి బిగిస్తారక్కా, కరెంటు పెడతారక్కా, బొమ్మ కదులుతుందక్కా" అంది. దాన్ని టీవీ అనక వంకాయ అనమంటావా? సరే, ఇక అననులే. ముందింటి టైలరుకి కూడా చెప్పాను, మా పిల్ల టీవీలు బిగించదురా, వెలుగుతో బొమ్మలేస్తుంది అని. "ఓహో, సినిమా హాల్లోనా" అన్నాడు. నా వల్ల కాదు తల్లీ, వాడికి నువ్వే ఓ ఉత్తరం రాయి.

నీ ఉత్తరం చదివి నాటకాల హాలు తాళం తీయించాను. అక్కడిప్పుడు పాత కుర్చీలూ, పావురాలూ తప్ప ఏమీ లేవు. టైలరు ఒక కొస పట్టుకుంటే అడవిని దించాను. దర్బారు తెర ఎలుకల పాలయింది, వీధి తెర చెమ్మకి ముద్దయింది, మిగిలింది ఇదొక్కటే. చుట్టి చుట్టి ఉంచడం వల్ల మడతల దగ్గర రంగు పగిలింది కానీ, చెట్లు చెట్లలాగే ఉన్నాయి. మీ పెద్దనాన్న తాడు లాగుతుంటే అది కిర్రుమంటూ దిగేది, జనం "హమ్మయ్య, అడవొచ్చింది" అనేవాళ్ళు. ప్రేమించుకునేవాళ్ళకీ అదే అడవి, దొంగలకీ అదే అడవి, ఇల్లు విడిచి పారిపోయేవాళ్ళకీ అదే అడవి. ఇప్పుడు కంటి జబ్బు వాళ్ళకి. పోనీలే, మంచిదే.

కోయడం గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. చదివి కాసేపు మెదలకుండా కూర్చున్నాను. ఇంకొకటి గీసి ఇద్దామంటే చెయ్యి వణుకుతోంది, ఆకు వేస్తే గొంగళిపురుగులా వస్తోంది. మళ్ళీ అనుకున్నాను, హాల్లో పావురాల రెట్టల కింద ఉండేకంటే నలుగురూ కూర్చునే చోట ఉండటమే నయం కదా. అడిగింది నువ్వు. ఇంకెవరైనా అడిగితే చీపురు తిరగేసేదాన్ని.

అయితే ఒక్క మాట. కోసే సంగతి ఇంకొకళ్ళ చేతిలో పెట్టను. నేనే చూసుకుంటాను.

వేళకి తిను. ఇది నువ్వు అడగని ప్రశ్నకి జవాబు కాదు, నేను చెప్పే మాట.

పెద్దమ్మ


జూన్ 16

పెద్దమ్మా,

గబగబా రాస్తున్నాను, వడ్రంగి బయట నిలబడి ఉన్నాడు. చట్రానికి టేకు రంగు వేయనా, నలుపు వేయనా అని పొద్దున్నించి నా వెంటపడుతున్నాడు. నీ చెట్ల మొదళ్ళ రంగు వేయమన్నాను. "అదెలా ఉంటుందండీ" అన్నాడు. తడిసి ఆరిన కొబ్బరిపీచులా అన్నాను. తలగోక్కుంటూ పోయి, సరిగ్గా అదే కలిపి తెచ్చాడు.

కోసే చోటు నువ్వే చూసుకుంటానన్నావు! ఆ వాక్యం చదివి కుర్చీలోంచి లేచి గంతేశాను. అంతకన్నా నాకేం కావాలి? నీ కన్ను ఎక్కడ ఆగితే అక్కడే అంచు. మా మనిషి వచ్చేలోపు అయిపోతే ఇంకా మంచిది, వాడికి తొందరెక్కువ.

బొమ్మలో గాలి ఎలా పెట్టాలో ఈ మధ్య వేరే చెట్ల ఫొటోల మీద చేసి చూస్తున్నాను. ఆకులు కదిలీ కదలనట్టు కదులుతాయి. చూస్తావుగా.

అమ్మకి చెప్పు, నేను ఏ పనీ నిలకడగా చేయనంటుందే, ఈ గోడ చూశాక అనమను.

పిడుగు


జూన్ 24

పిడుగుకి,

కోశాను.

మూడు రోజులు చూశాను ఎక్కడా అని. హాల్లో నేల మీద పరిచి, చుట్టూ తిరిగి, కుర్చీ ఎక్కి, మళ్ళీ దిగి. టైలరు నవ్వాడు, "ఆవిడ అడవిలో దారి తప్పింది" అని వాళ్ళావిడతో అన్నాడట. పెద్ద చెట్టు కొమ్మలు విడిపోయే చోటికి జానెడు పైన ఒక గీత, వేళ్ళు నేలలోకి దిగే చోట ఇంకో గీత. సుద్దముక్కతో గీశాను. కత్తెర వాడిదే, చెయ్యి నాది. కోసి ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. జిగురూ రంగూ కలిసి అట్టకట్టిన గుడ్డ కదా, కత్తెర కింద కరకరలాడింది. చెవిటిదాన్ని, నాకు వినపడింది. చేతికి వినపడిందేమో.

మొదటి అడుగు కష్టమయింది. తర్వాత ఏమీ అనిపించలేదు. సొంత పిల్ల గోడకి కదా అనుకున్నాను.

అంచులు మడిచి కుట్టించాను, దారాలు లేవకుండా. మీ మనిషి నిన్న వచ్చాడు, మెడలో కెమెరా. "భలే, సరిగ్గా కొలతకే ఉందే!" అని మురిసిపోయి ఫొటోలు తీసుకున్నాడు. తీసుకుని లేచి వెళ్ళిపోబోయాడు. "తెర తీసుకెళ్ళవయ్యా" అన్నాను. "తీసుకున్నానమ్మా" అన్నాడు. "ఏదీ, ఇక్కడే ఉందిగా" అన్నాను. ఏదో అన్నాడు, నాకు వినపడలేదు, నమస్కారం పెట్టి పోయాడు. చదువుకున్నవాళ్ళ మతిమరుపు! అందుకని నేనే కర్రకి చుట్టి, పైన గోనె కప్పి, నీ ఆఫీసుకి పార్శిల్ చేయించాను. అందగానే రాయి.

కింది నేల ముక్క ఇంట్లో సామాన్ల గదిలో పెట్టాను. ఆకాశం ముక్కని టైలరు అడిగాడు, కొట్టు ముందు ఎండ పడకుండా కట్టుకుంటానని. అంత కష్టపడ్డాడు, లేదనలేకపోయాను. రోడ్డు మీద పోయేవాళ్ళు తలెత్తి చూస్తున్నారు. బాగానే ఉంది.

పెద్దమ్మ


జూన్ 29

పెద్దమ్మా,

పార్శిల్ వచ్చింది. ఆఫీసులో అందరి ముందూ విప్పాను. గోనె తీయగానే తెలిసిపోయింది. చూద్దాం గారు వంగి, మడిచి కుట్టిన అంచుని వేలితో తడిమి, "ఎందుకు కోశారు?" అన్నాడు. ఆయన నోట "చూద్దాం" రాలేదు.

పెద్దమ్మా, నేను కోయమన్నది ఫొటోని. మా పనిలో బొమ్మ అంచులు తగ్గించడాన్ని కోయడం అంటాం. రోజుకి వందసార్లు అంటాం, కత్తెర ముట్టుకోకుండా. తీసుకోవడం అంటే ఫొటో తీసుకోవడం. తెర అంటే ఒకసారి నీ తెర, ఒకసారి మా తెర. అన్నిటికీ ఒకే మాట రాసి పంపాను. అంచు ఎక్కడుండాలో గీత గీసి చెబుతావనుకున్నాను. నీ ఉత్తరం ఇప్పుడు మళ్ళీ తీసి చదివాను. కాసేపు మెదలకుండా కూర్చున్నానని రాశావు. ఆ వాక్యం నాకప్పుడు కనపడనేలేదు.

మా ఫొటోల మనిషి నువ్వు కోశాక వచ్చాడు. అంటే మొత్తం అడవి ఏ ఫొటోలోనూ లేదు.

నేల ముక్క జాగ్రత్తగా ఉంచు. టైలరు దగ్గర్నించి ఆకాశం వెంటనే తీసుకో. ఈ ఉత్తరం అందిన నిమిషం వెళ్ళి తీసుకో. గుడ్డలు అతికే వాళ్ళున్నారు, పాత బొమ్మల్ని బాగుచేసేవాళ్ళు, ఎవరినైనా వెతుకుతాను. అమ్మకి ఫోన్ చేసి నిన్ను టైలరు దగ్గరికి పంపమన్నాను. "ముందు ఏం చేశావో చెప్పు" అంది. చెప్పాను. ఫోన్ పెట్టేసింది.

పిడుగు


జూలై 6

పిడుగుకి,

ఫొటోని కోస్తామని రాయడానికి నీకు సిరా అయిపోయిందా?

అంతే. తిట్టడం అయిపోయింది. ఇక ఏడవకు.

మీ అమ్మ వచ్చి, "నా కూతురు నీ కొంప ముంచిందక్కా" అని నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. దానికి నేనే మంచినీళ్ళు ఇవ్వాల్సొచ్చింది. నువ్వు కావాలనే నన్ను మాయ చేశావట, పెద్దమ్మ ఏమడిగినా ఇస్తుందని నీకు తెలుసట. నోరు ముయ్యమన్నాను. నా చెవులు పోయాయి కానీ బుర్ర పోలేదు, నన్నెవరూ మాయ చేయలేరని చెప్పాను. అది నమ్మలేదు. నువ్వు చిన్నప్పుడు నా రంగు గిన్నెలో చెయ్యి ముంచి గోడంతా అద్దినప్పుడు కూడా ఇలాగే ఏడ్చింది.

ఆకాశం సంగతి. మీ అమ్మ చెప్పగానే టైలరు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేలోపే వాన. జిగురు రంగు కదా, నీళ్ళు తగిలితే ఆగదు. ఆకాశమంతా కారి కింద వేలాడదీసిన చొక్కాల మీద పడింది. ఎవరిదో కొత్త తెల్లచొక్కా, భుజాల మీద నీలం చారలు. వాడు నన్ను చూసి, "నీ ఆకాశం మండిపోను, నా గిరాకీ పోయింది" అన్నాడు. పెదాలు చూసి కనిపెట్టాను. నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదు, కానీ వచ్చింది. ఇప్పుడది వట్టి గుడ్డ. అతికేవాళ్ళని వెతక్కు.

నాకు ఒకటే కోరిక. ఆ గోడ చూడాలి. ఎందుకు కోశానో చూడాలి కదా. ఎప్పుడు తెరుస్తారు?

పెద్దమ్మ


జూలై 20

పెద్దమ్మా,

రావద్దు.

రెండు వారాలుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపుతున్నాను. ఆసుపత్రి పోయిన వారమే తెరిచారు. హాలు బాగా వచ్చింది. గోడలకి బూడిద కలిసిన ఆకుపచ్చ వేయించాను, కుర్చీలు ఎదురెదురుగా కాకుండా గోడవైపు కొంచెం ఏటవాలుగా పెట్టించాను, పై దీపాలు అద్దంలో కనపడకుండా పక్కకి తిప్పించాను. మొదటిరోజు పొద్దున నేను ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఎండ చెట్ల మీదికి వచ్చింది. ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని ఆగిపోయింది. అది టీవీ కాదు. ఒట్టు.

మర్నాడు డాక్టరు గారి తమ్ముడు వచ్చాడు. కింది అంతస్తులో కళ్ళజోళ్ళ షాపు ఆయనదే. "ఇంత పెద్ద తెర పెట్టుకుని చెట్లు చూపిస్తారా?" అన్నాడు. మధ్యమధ్యలో కళ్ళజోళ్ళు కూడా రావాలన్నాడు. నేను కుదరదన్నాను. డాక్టరు గారు కిటికీ వైపు చూశారు. చూద్దాం గారు "చూద్దాం" అన్నాడు. ఆయన అలా అన్నాడంటే అయిపోయినట్టే. మర్నాటికి ఒక కళ్ళజోడు వచ్చింది. తర్వాత ఒక నటిలా ఉన్న అమ్మాయి అది పెట్టుకుని నవ్వడం. తర్వాత కంటిశుక్లాల పథకం. తర్వాత "సెల్‌ఫోన్లు ఆపేయండి". వీటన్నిటి తర్వాత కాసేపు అడవి, మళ్ళీ కళ్ళజోడు. పొద్దున్నించి సాయంత్రానికి మారాల్సిన వెలుగు ఊపిరి పీల్చి వదిలేలోపు మారిపోవాలి, లేకపోతే మారదు.

ఆ తెర మీద ఏది ఎప్పుడు రావాలో పెట్టేది నేనే. నా బల్ల దగ్గర్నించే. కళ్ళజోడుని నా చేత్తోనే పెట్టాను. పెట్టనంటే పక్క బల్ల అతను పెడతాడు. వాడు అడవిని ఇంకా తగ్గిస్తాడు. అలా చెప్పుకుని పెట్టాను. రోజూ అలాగే ఏదో ఒకటి చెప్పుకుంటున్నాను.

నువ్వు కోసిన ముక్క నా గదిలో ఉంది. గోడ దానికి చాలలేదు. అడవి మూల తిరిగి కిటికీ మీదికి వచ్చింది. మధ్య చెట్టు సరిగ్గా మూలలో పడి రెండుగా విరిగినట్టుంది. పొద్దున లేవగానే దగ్గరనుంచి నీ కుంచె గీతలు కనపడతాయి. దగ్గరనుంచి చూస్తే అవి ఆకులు కావు, అడ్డదిడ్డంగా కొట్టిన పచ్చటి దెబ్బలు. ఐదడుగులు వెనక్కి జరిగితే ఆకులవుతాయి. నా గదిలో ఐదడుగులు వెనక్కి జరిగితే వీపుకి తలుపు తగులుతుంది.

ఈ వారం పక్క ఊళ్ళో ఇంకో గోడ పని మీద ఉంటాను. దయచేసి రావద్దు. నువ్వొచ్చి కుర్చీలో కూర్చోవడం, కళ్ళజోళ్ళు రావడం, అదంతా నేను ఊహించుకోలేను.

పిడుగు


జూలై 24

పిడుగుకి,

వచ్చేశాం. మొన్న పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చాం, మీ అమ్మా నేనూ. ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం గుమ్మంలో పడి ఉంది. తొక్కేసి లోపలికొచ్చి, తర్వాత చదివాను. నీకు చెబితే వద్దంటావని తెలుసు, ఆసుపత్రి తెరిచారనీ, నువ్వు ఊళ్ళో లేవనీ మీ అమ్మ కనుక్కుంది. లేకపోవడమే మంచిదనుకున్నాను. నువ్వు పక్కనుంటే నేను నీ మొహమే చూస్తాను, గోడని చూడను.

లోపలికి వెళ్ళగానే కౌంటర్ దగ్గర అమ్మాయి "ఏ కన్నమ్మా?" అంది. రెండూ బాగానే ఉన్నాయి, గోడ చూడటానికొచ్చాం అన్నాను. అర్థం కాక చీటీ రాసి చేతిలో పెట్టింది. పెట్టాక కూర్చోవాలి కదా, కూర్చున్నాం.

మేం వెళ్ళేసరికి గోడ నిండా కళ్ళజోడు. ఇదా, అన్నాను మీ అమ్మతో. తర్వాత ఆ పిల్ల నవ్వింది, తర్వాత ఏవో అక్షరాలు. అప్పుడొచ్చింది. అంత వెలుగులో నా చెట్లని ఎప్పుడూ చూడలేదు. నాటకాల రోజుల్లో నాలుగు బల్బులు, వాటి చుట్టూ పురుగులు, అంతే కదా. పక్కన కూర్చున్నావిడ మోచేయి పట్టుకుని, "అదిగో, అది నేను గీసిందే" అన్నాను. ఆవిడ కళ్ళలో చుక్కలేసుకుని ఉంది. తల అటూ ఇటూ తిప్పి, "ఎక్కడా? ఎక్కడా?" అంది. ఆవిడకి చూపిద్దామనేలోపు పోయింది, కళ్ళజోడు వచ్చేసింది. మళ్ళీ అడవొచ్చినప్పుడు ఒకాయనకి చూపించాను. ఒక కంటికి కట్టు, రెండో కన్ను గోడకి అవతలివైపు. ఆయన తిరిగేలోపు అదీ పోయింది. పిడుగూ, అడవిని తీసుకెళ్ళి సరిగ్గా చూడలేనివాళ్ళ మధ్య పెట్టావు కదే! మీ అమ్మ మొదటిసారి నవ్వింది.

అలా మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నా చీటీ పిలిచారట, వినపడలేదు.

నీ గాలి చూశాను. కోపం తెచ్చుకోకు, ఒకటి చెబుతాను. నా ఆకులు కదలకూడదు. ముందు నిలబడి నటులు కదులుతారు, ఏడుస్తారు, పొడుచుకుంటారు. వెనక అడవి ఏమీ పట్టనట్టు ఉండాలి. అందుకే వాళ్ళ ఏడుపు ఏడుపులా ఉంటుంది. ఇక్కడ జనం కదలకుండా కూర్చున్నారు, అడవి కదులుతోంది. పోనీలే, ఫర్వాలేదు. కాలం అలా ఉంది.

నీ ఉత్తరంలో చాలా బాధపడ్డావు. అంత బాధ ఎందుకు? నాటకంలో మాత్రం అడవి ఎంతసేపుండేది? సీను అవగానే కర్ర తిప్పి చుట్టేసేవాళ్ళం. వచ్చిందే చాలు, పోతే పోతుంది. కోసినందుకు కాసేపైనా కనపడుతోంది, అక్కడే ఉండనీ. నువ్వు ఎవరితోనూ గొడవపడకు. నీ నోరు నాకు తెలుసు. నా కోసం ఉద్యోగం పోగొట్టుకున్నావంటే మీ అమ్మ మళ్ళీ నా ఒళ్ళో పడి ఏడుస్తుంది, నాకు మోకాళ్ళు నొప్పి.

నేల ముక్క మంచం కింద పరిచాను, చెమ్మ రాకుండా. బాగా పనికొస్తోంది.

పెద్దమ్మ


జూలై 31

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఈసారి ప్రతి వాక్యం చదివాను.

ఫర్వాలేదన్నావు. పోనీలే అన్నావు. బాగా పనికొస్తోంది అన్నావు. నువ్వలా అన్న ప్రతిచోటా నాకు ఒంటి మీద తేలు పాకింది. ఆకాశం చొక్కాల మీద కారిపోతే నవ్వొచ్చిందన్నావు. నేల మంచం కిందికి పోయింది. మిగిలిన అడవిని కళ్ళజోళ్ళ మధ్య చూసి, కనపడిందే చాలన్నావు. నువ్వు దేనికైనా సర్దుకుపోగలవు. నాటకాలు పోతే సర్దుకున్నావు, చెవులు పోతే సర్దుకున్నావు. నాకది చేతకాదు. ఇంట్లో దాన్నే నిలకడలేనితనం అంటారు. అననీ.

నిన్న నేనూ వెళ్ళి ఆ హాల్లో కూర్చున్నాను. నువ్వు ఏ కుర్చీలో కూర్చున్నావో తెలియదు కనక మధ్యలో కూర్చున్నాను. కళ్ళజోడు, అమ్మాయి, పథకం, సెల్‌ఫోన్లు, అడవి. ఒక ముసలాయన మనవరాలిని అడిగాడు, "అదేంటమ్మా పచ్చగా వచ్చి పోయింది?" అని. ఆ పిల్ల ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఏదో యాడ్ తాతయ్యా" అంది. అక్కణ్ణించి లేచొచ్చాను.

చూద్దాం గారిని అడిగాను, కళ్ళజోళ్ళు తీసేయండి లేదా అడవి తీసేయండి అని. "చూద్దాం" అన్నాడు. డాక్టరు గారిని అడిగాను. "అందంగా ఉందమ్మా, ఉండనివ్వండి, మధ్యలో ఊరటగా ఉంటుంది" అన్నారు. ఆయన మంచివాడే. ఇక్కడ అందరూ మంచివాళ్ళే. అందుకే ఏదీ మారదు.

నువ్వు కూడా ఉండనీ అన్నావు. నువ్వు అడిగింది ఇదొక్కటే, అదీ నాకు తెలుసు. అడవి అక్కడ లేకపోతే నువ్వు కోసింది దేనికీ కాకుండా పోతుంది, అదీ తెలుసు. కోయించిందీ తనే, తీయించిందీ తనే అంటుంది అమ్మ. నువ్వు వాళ్ళకి ఏమీ సర్దిచెప్పకు. ఉద్యోగం ఉండదు. గంటలో ఆ చోట ఇంకెవరిదో జలపాతం వస్తుంది, డాక్టరు గారికి అది కూడా అందంగానే ఉంటుంది. నేను ఇంటికి రాను, ఈ ఊళ్ళోనే ఇంకో పని చూసుకుంటాను.

ఆ కదిలే అడవి నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. సోమవారం పొద్దున ఆసుపత్రి తలుపులు తెరిచేలోపు దాన్ని గోడ మీద నుంచి తీసేస్తాను. మళ్ళీ పెట్టను.

పిడుగు